అనధ్యయనము

మార్గశిర పుష్యమాసములు మన దేశమున పంటలు ఇల్లు చేరు మాసములు. ఇప్పుడవి సభల మాసములు కూడ అయినవి. 1914లో కలకత్తాలో ఆరంభమైన విజ్ఞానశాస్త్ర మహాసభ చిరకాలము జనవరి మొదటివారముననే కూడుచు వచ్చినది. 1935లో పూనాలో పుట్టిన చరిత్ర మహాసభ సాధారణముగా డిసెంబరు కడపటి దినములను తనవిగా చేసికొన్నది. పెద్దలు నడచిన త్రోవనే పిన్నలును నడచుదురు గనుక, విశ్వవిద్యాలయములందలి శాఖలును, పట్టణములందలి కళాశాలలును తమ తమ జాతీయ అంతర్జాతీయ సదస్సులను నవంబరునకును మార్చికిని నడుమ కూరి పెట్టుకొనుచున్నవి. ఎండలు ముదురలేదు, అర్ధసంవత్సర పరీక్షలు ముగిసినవి, అన్నిటికంటె ముఖ్యముగా, మంజూరైన సొమ్ము మార్చి 31వ తేదీలోపల వ్యయము కావలెను. ఈ మూడవ కారణమును ఆహ్వానపత్రములపై అచ్చువేయరు.

సభలను నిందించుట మా యుద్దేశము కాదు. సభలు లేకున్నచో పాఠకులు కూర్చుండి పత్రికలు చదువుకొను పఠనమందిరములే మనకు లేకపోయెడివి. 1914లో బెజవాడయందు గ్రంథాలయముల ప్రతినిధులు కూడి మాటలాడుకొన్ననాడు గదా ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది! ఆనాటివారు చెప్పవలసిన మాట యుండి సభకు పోయిరి. నేటి పరిశోధక విద్యార్థి సభకు పోవలసియున్నది గనుక చెప్పుటకొక మాటను వెదకుకొనుచున్నాడు. ఆ వెదకులాటలో ఒక మనిషి నిద్రయు, ఒక బిడ్డ జ్వరమును, ఒక ముదుసలి మోకాళ్లనొప్పియు ఒకదానితో నొకటి ఎట్లు పెనుగులాడుచున్నవో ఇటీవల కన్నులార చూచితిమి గనుక ఈ విషయమును పాఠకుల ముందు పెట్టుచున్నాము.

గతవారము మా కార్యాలయమునకెదుట నున్న పఠనమందిరమున ఒక యువతి పాత వారపత్రికల సంపుటములు ముందిడుకొని కూర్చుండియుండెను. ముక్కునకు రుమాలు కట్టుకొన్నది. పాత కాగితపు ధూళి ఎచ్చటనైనను ఒక్కటే. ఆ ధూళి నెఱిగినవారు ఆ రుమాలు నెఱుగుదురు. ఆమె చరిత్రశాఖలో పి.హెచ్.డి. పట్టమునకై పరిశోధన చేయుచున్నది. గ్రంథాలయోద్యమమే ఆమె విషయము. అంతకు ముందు చీరాలకు చేరువనున్న వేటపాలెమునకు పోయి, 1918లో స్థాపితమైన సారస్వత నికేతనమునందలి పాత పత్రికలను చూచి వచ్చినదట. ప్రవేశము పొంది ఇది ఐదవ సంవత్సరము. రెండున్నర యేండ్ల కూతురున్నది. భర్త వేఱొక పట్టణమున బ్యాంకు ఉద్యోగి. బిడ్డను అత్తగారు చూచుచున్నారు. ఆ యత్తగారికి మోకాళ్లు సరిగా పనిచేయుట లేదు.

మేమచ్చట కూర్చున్న గంటసేపటిలో ఆమె ఫోను మూడుమార్లు మ్రోగినది. మొదటిది పర్యవేక్షకునిది: రానున్న సదస్సునకు వ్యాససారము ఆ రాత్రిలోపల పంపవలెనని. రెండవది సదస్సు నిర్వాహకులది: నమోదు రుసుము ఇంకను చేరలేదని. మూడవది అత్తగారిది: పాపకు ఒళ్లు వెచ్చబడినదని. మధ్యాహ్నము మూడుగంటలకు డబ్బా తెఱచి, చల్లారిన ఇడ్లీలు రెండు తిని, మిగిలినవి మూతపెట్టి, మరల సంపుటము తెఱచినది. ఇంటికి పోరాదా అమ్మా యని మేమడిగితిమి. పోవలసినదేననియు, ఆ సంపుటము ఆనాడు చూడకపోయినచో ఆ వ్యాసములో ఒక పుట ఖాళీగా మిగులుననియు, సదస్సు సరిగా సంక్రాంతి వారముననే పడినదనియు, ఆమె తలయెత్తకయే చెప్పినది.

నాలుగు సంవత్సరములలో పదునొకండు సభలయందు వ్యాసములు చదివినదట. ఏ సభలోను పది నిమిషములకు మించి దొరకలేదు. రెండుచోట్ల దీపప్రజ్వలనము, శాలువలు, అతిథుల ప్రసంగములు ముగియునప్పటికి మధ్యాహ్నము దాటినందున ఐదేసి నిమిషములే యిచ్చిరి. ఒకచోట అధ్యక్షత వహించినవారు ఈమె చదువుచుండగనే భోజనమునకు లేచిరి. సర్టిఫికెట్లు మాత్రము పదునొకండును భద్రముగా నున్నవి. సిద్ధాంతగ్రంథమునకు ఆరు ప్రకరణములు కావలెను; వ్రాసినవి రెండు. ఆ పదునొకండు వ్యాసములను కలిపి కుట్టిన గ్రంథము కాదా యని మేము తెలియక అడిగితిమి. కాదట. ఏ సదస్సు ప్రధానాంశము దానిది. ఒకచోట పర్యావరణము, ఒకచోట స్త్రీసాధికారత, ఒకచోట సుస్థిరాభివృద్ధి. గ్రంథాలయోద్యమమును ఆయా యంశములకు తగినట్లు కత్తిరించి, అతికించి, రంగువేసి తీసికొనిపోవలసి వచ్చినదని ఆమె నవ్వుచు చెప్పినది. ఆ నవ్వు మాకు నచ్చలేదు. రాత్రి పాప నిదురపోయిన పిదప పదింటినుండి ఒంటిగంటవఱకు వ్రాయును, ఐదింటికి లేచును. రక్తము తక్కువగా నున్నదని వైద్యురాలు మాత్రలిచ్చినది. అవి వేసికొనుట తఱచు మఱచుచున్నదట.

ఇది ఒక్కరి కథయనియు, ఆమె తన కాలమును సరిగా పంచుకొనలేదనియు, పెండ్లియై బిడ్డ కలిగిన పిదప ఈ చదువులేలయనియు అనువారు మా పాఠకులలోనే కొందఱుందురు. కాలమును పంచుకొను విద్యలో ఆమె మనలో ఎవరికంటెను నిపుణురాలు. పంచుటకు కాలమే లేదు. దానిని ఎవరెవరు తీసికొనిరో వెదకుట న్యాయము.

మొదట లెక్కలవారిని చూతము. యూనివర్సిటీ గ్రాంట్సు కమిషనువారు 2016లో చేసిన నిబంధనలలో, సిద్ధాంతగ్రంథము సమర్పించుటకు పూర్వము ఒక వ్యాసమును పత్రికయందు ప్రకటింపవలెననియు, రెండు వ్యాసములను సభలయందు చదువవలెననియు విధించిరి. రెండనగా రెండే, పదునొకండు కాదు. కాని రెండు చదివినవాని ప్రక్కన నాలుగు చదివినవాడు నిలుచును, నాలుగు చదివినవాని ప్రక్కన ఎనిమిది చదివినవాడు నిలుచును. 2018లో ఉపాధ్యాయుల నియామకములకును పదోన్నతులకును చేసిన నిబంధనల పట్టికలో ఈ సభలకు మార్కులే కట్టిరి: విదేశమున జరిగిన అంతర్జాతీయ సభలో వ్యాసము చదివిన 7, స్వదేశమున జరిగిన అంతర్జాతీయ సభలోనైన 5, జాతీయ సభలోనైన 3, రాష్ట్రపు సభలోనో విశ్వవిద్యాలయపు సభలోనో యైన 2. ఈ అంకెలను పాఠకులు మరొకమాఱు చదువవలెనని కోరుచున్నాము. వేటపాలెపు గ్రంథాలయమును గూర్చిన వ్యాసమును ఆ గ్రంథాలయ మెఱిగినవారి నడుమ ఆంధ్రదేశముననే చదివినచో రెండు. దాని పేరైన విననివారి ముందు సముద్రము దాటి చదివినచో ఏడు! వ్యాసమదియే, వ్రాసిన చేయి అదియే, మారినది గడప మాత్రమే. పరాయి గడపకు మ్రొక్కుట 1947తో మానితిమని చెప్పుకొనువారము ఈ పట్టికకు ఏమి సమాధానము చెప్పుదుము?

2022 నవంబరులో వచ్చిన నిబంధనలు, గ్రంథసమర్పణకు పూర్వము వ్యాసప్రకటన చేసితీరవలెనను నిర్బంధమును తొలగించినవి. మంచిపని చేసిరి. కాని కాగితముమీద పోయిన నిర్బంధము అలవాటుగా మిగిలినది. ఏ విశ్వవిద్యాలయమునకా విశ్వవిద్యాలయము తన నియమము తాను పెట్టుకొనవచ్చును. పర్యవేక్షకుడు నోటిమాటతో మరియొకటి పెట్టవచ్చును. నియామకపు గదిలోని పెద్దలు దస్త్రము లోపలి మాటలు చదువక దాని లావును వ్రేళ్లతో చూచి తృప్తిపడవచ్చును. విద్యార్థి ఇది యెఱుగును గనుకనే దస్త్రమును లావుచేయుచున్నాడు.

లెక్కయే కావలెనన్నవారికి ఒక లెక్క చెప్పెదము. తెలుగు కుటుంబమున పుట్టి, వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1945లో కలకత్తా గణితసంఘపు పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. అప్పటికి వారికింకను డాక్టరు పట్టము లేదు; అది కేంబ్రిడ్జిలో 1948లో వచ్చినది. ఆ యొక్క వ్యాసమునకే 2023లో, అనగా డెబ్బదియెనిమిదేండ్లకు, వారి నూటరెండవ యేట, గణాంకశాస్త్రమునందలి అంతర్జాతీయ పురస్కారము లభించినది. ఇది నేటి పట్టికలో స్వదేశపు పత్రికలోని ఒక్క వ్యాసము మాత్రమే.

ఇక సొమ్ము. జాతీయ అర్హత పరీక్షలో ఫెలోషిప్పు సాధించినవానికి 2019 జనవరినుండి నెలకు 31,000 రూపాయలుండగా 2023 జనవరినుండి 37,000 చేసిరి. రెండేండ్లు గడచిన పిదప 42,000. ఈ పెంపుదలలు రెండును విద్యార్థులు వీధిలో నిలిచి అడిగిన తరువాత వచ్చినవే. ఆ పరీక్షలో గెలువనివానికి కేంద్ర విశ్వవిద్యాలయములలో ఇచ్చు మొత్తము నెలకు 8,000 రూపాయలు. 2015లో దానిని కూడ నిలుపబూనగా విద్యార్థులు ఢిల్లీలో కమిషను కార్యాలయము ముందు దినముల తరబడి కూర్చుండి దక్కించుకొనిరి. రాష్ట్ర విశ్వవిద్యాలయములలో ఏ ఫెలోషిప్పును లేక, ప్రైవేటు కళాశాలలో పాఠములు చెప్పి ఆ జీతముతో పరిశోధన సాగించువారు ఎందఱో కలరు. ఫెలోషిప్పు ఉన్నవారికైనను అది నెలనెల వచ్చునను నమ్మకము లేదు. కొన్నినెలలు రాక, ఒక్కమాఱు కుప్పగా వచ్చి, అప్పులవారి చేతులలో పడి పోవును. ఆ నడుమ సభకు నమోదు రుసుము, రైలు టిక్కెట్టు, బస, భోజనము ఎవరు పెట్టవలెను? మేము చెప్పిన యువతి గత వేసవిలో ఒక సభకు పోవుటకు చేతి గాజులలో రెండు తాకట్టు పెట్టినది. అవి యింకను విడిపింపలేదు.

ఇంటివారి సంగతి వ్రాయుటకు మాకు కొంత సంకోచముగా నున్నది. ఈ పత్రిక చదువువారే ఆ యింటివారు గనుక. ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన సామెత. పరిశోధకురాలికి మనము ఇంట గెలుచు నవకాశ మిచ్చుచున్నామా? కొడుకు పరిశోధనచేయుచున్నచో వాని గది తలుపు దగ్గఱగా వేసి, చప్పుడు చేయకుడని పిల్లలను గదుముదుము. కోడలు పరిశోధనచేయుచున్నచో పెండ్లిపేరంటములకు రాలేదని ఎత్తిపొడుతుము. ఆ కొడుకునైనను ఊరకుండనిత్తుమా? ముప్పదేండ్లు వచ్చినవి, ఇంకను చదువేనా యని చుట్టము లడుగుదురు. తోడివాడు ఇల్లు కట్టినాడని తండ్రి భోజనపు వేళ చెప్పును. స్త్రీలకు పరిశోధనాకాలములో 240 దినములవఱకు ప్రసూతిసెలవో శిశుసంరక్షణసెలవో ఇయ్యవచ్చునని 2016 నాటి నిబంధనలలోనే యున్నది; 2022లోను నిలిపిరి. గరిష్ఠకాలమునకు మించి రెండు సంవత్సరముల సడలింపును కలదు. ఈ హక్కును ఒక యుపకారమును యాచించినట్లు తలవంచుకొని అడుగవలసి వచ్చుట ఎచ్చటి న్యాయము? మేము చెప్పిన యువతి ఆ సెలవులో సగమే వాడుకొన్నది. మిగిలిన సగమడుగుటకు సిగ్గుపడినదట. సెలవు తీసికొన్న నెలలలోను రెండు సభలకు వ్యాసములు పంపినది.

సముద్రము దాటిన మన పిల్లల స్థితి వేఱొక విధముగా కఠినము. అమెరికాలో చదువుచు విశ్వవిద్యాలయములోనే సహాయకోద్యోగము చేయువానికి, చదువు సాగుకాలములో వారమునకు ఇరువది గంటలే చట్టము. ప్రయోగశాల మాత్రము ఆ గంటలను లెక్కింపదు. శీతకాలమున న్యూయార్కునకును మనకును పదిన్నర గంటల అంతరము. తల్లి రాత్రి నిదురపోవు వేళకు వానికి ఉదయపు పని మొదలగును; ఆమె తెల్లవాఱున లేచి పిలిచినపుడు వాడు సాయంకాలపు ప్రయోగము నడుమ నుండును. తండ్రికి ప్రాణముమీదికి వచ్చినదని తెలిసినను, వచ్చినచో మరల ప్రవేశమునకు వీసాముద్ర దొరకునో లేదోయను భయమున విమానమెక్కని వారిని మేమెఱుగుదుము.

ఇప్పుడు అసలైన అభ్యంతరమునకు వత్తము. విద్య తపస్సు గదా, తపస్సునకు విశ్రాంతి యేమియని పెద్దలు వేదికలనుండి సెలవిచ్చుచుందురు. అట్లు చెప్పునప్పుడు తప్పక ఎత్తు పేరు మన యెల్లాప్రగడ సుబ్బారావుగారిది. ఆ పేరును మేమును తలయెత్తి చెప్పుకొందుము. 1895లో భీమవరమున పుట్టి, ఇద్దఱు సోదరులను స్ప్రూ అను జీర్ణకోశవ్యాధికి పోగొట్టుకొని, మద్రాసు వైద్యకళాశాలలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు శస్త్రచికిత్సాదుస్తులు ధరించి ఆచార్యుని యాగ్రహమునకు గుఱియై, పూర్తి పట్టమునకు బదులు దానికంటె తక్కువ యోగ్యతాపత్రముతో బయటపడిన వీరుడాయన. మామగారి సహాయమును, కాకినాడ సత్యలింగనాయకరు ధర్మనిధి సహాయమును తోడుచేసికొని బోస్టను చేరి, హార్వర్డులో చదువుచు రాత్రులు ఆసుపత్రిలో కూలిపని చేసి రోగుల పాత్రలు కడిగెను. శరీరద్రవములలో భాస్వరమును కొలుచు పద్ధతిని గురువైన ఫిస్కుతోగూడి 1925లో ప్రకటించి, 1930లో డాక్టరు పట్టము పొందెను. పిమ్మట లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధకబృందము 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసినది. సోదరులను కబళించిన వ్యాధికది మందు. ఇంతటి కథ వేఱొకటి మాకు తెలియదు.

కాని ఆ కథను పూర్తిగా చెప్పుడని వేదికలపైవారిని కోరుచున్నాము. ఇంట విడిచివచ్చిన సహధర్మచారిణిని ఆయన మరల చూడలేదు. ఆమె యెదురుచూపు సంవత్సరములనుండి దశాబ్దములకు సాగినది. పనిచేసిన విశ్వవిద్యాలయము ఆయనకు స్థిరమైన యుద్యోగ మీయలేదు. 1948 ఆగష్టులో, స్వతంత్ర భారతదేశమును ఒక్కమాఱైనను కన్నులజూడక, ఏబదిమూడేండ్ల వయసున గుండె ఆగి పోయెను. మరి పదునైదేండ్లు బ్రదికియున్నచో ఏమి చేసియుండునో లెక్క కట్టగలవారెవరు? అంతకు పూర్వమే శ్రీనివాస రామానుజమును పోగొట్టుకొంటిమి. 1914లో కేంబ్రిడ్జి చేరి, 1916లో పరిశోధనకు పట్టము పొంది, యుద్ధకాలమున శాకాహారము సరిగా దొరకక, వేళకు నిద్రాహారములు లేక, 1917లో ఆసుపత్రి పాలై, 1919లో ఎముకలగూడుగా తిరిగివచ్చి, మఱుసంవత్సరము ఏప్రిలు 26వ తేదీన ముప్పదిరెండేండ్లకే కన్నుమూసెను. వీరు గొప్పవారగుటకు ఆకలియు, నిద్రలేమియు, ఏకాకితనమును కారణములు కావు. అవి వీరిని మననుండి తీసికొనిపోయిన కారణములలోనివి. ఈ రెంటిని కలిపి యువకులకు ఆదర్శముగా బోధించుట విద్యాద్రోహమని మేము నిస్సంకోచముగా చెప్పుచున్నాము.

శాస్త్రజ్ఞులు ఈ విషయమున కొలిచి చెప్పిన సంగతులు కొన్ని కలవు. 2017లో ప్రకటితమైన బెల్జియము పరిశీలనలో, ఫ్లాండర్సునందలి 3,659 మంది పరిశోధక విద్యార్థులలో 32 శాతము మానసికవ్యాధి కలిగినవారో కలుగు ప్రమాదమున నున్నవారో యని తేలినది. 2018లో, ఇరువదియాఱు దేశములకు చెందిన 2,279 మందిని ప్రశ్నించిన వేఱొక పరిశీలనలో, సామాన్యజనులకంటె వీరియందు ఆందోళనయు కుంగుబాటును ఆఱురెట్లకు మించి యున్నవని చెప్పిరి. ప్రశ్నలకు బదులిచ్చువారిలో బాధపడువారే ఎక్కువయుండవచ్చునని తీసివేసినను, మిగులునది చిన్నది కాదు. వారమునకు ఏబదియైదు గంటలు, అంతకు మించియు పనిచేయువారికి, ముప్పదియైదు నలుబది గంటలు పనిచేయువారికంటె పక్షవాతపు ముప్పు 35 శాతము అధికమని ప్రపంచ ఆరోగ్యసంస్థయు, అంతర్జాతీయ కార్మికసంస్థయు 2021లో ప్రకటించినవి. పెద్దలకు రాత్రి కనీసము ఏడుగంటల నిద్ర కావలెనని వైద్యుల మాట. పగలు చదివినది స్థిరపడునది ఆ నిద్రయందే. నాలుగుగంటలు నిద్రించి చదువుటయనగా చిల్లికుండతో నీరు తోడుటయే.

తపస్సును గూర్చి మాటలాడువారు మన పూర్వులు విద్యకు పెట్టిన కట్టుబాట్లను ఒకమాఱు చదివిన బాగుండును. వారు అధ్యయనమునకు నియమములు వ్రాసినంత శ్రద్ధగా అనధ్యయనమునకును వ్రాసిరి. అష్టమి, చతుర్దశి, అమావాస్య, పూర్ణిమలు చదువరాని దినములు. ఇవి గాక అప్పటికప్పుడు చదువు నిలుపవలసిన సందర్భములను యాజ్ఞవల్క్యస్మృతి ముప్పదియేడు లెక్కించినది. దుమ్ము రేగినను, పరుగెత్తుచున్నను, దుర్గంధము వచ్చుచున్నను చదువరాదు. శిష్టుడైనవాడు ఇంటికి వచ్చినచో పుస్తకము మూసి లేవవలెను. అనగా గాలికి, శరీరమునకు, ఇంటికి వచ్చిన మనిషికి విద్య దారి విడువవలెనని వారి తీర్పు. శ్రావణమున ఉపాకర్మతో ఆరంభించిన వేదాధ్యయనమును ఊరివెలుపల నీటిదరిని విధిగా ఉత్సర్జనము చేయవలసిన మాసము ఏది? పుష్యమాసము! వారు చదువు దించి పెట్టిన నెలనే మనము ఏరి సభలతో నింపితిమి. ఆ గురుకులపు వాకిలి స్త్రీలకును, జనములో పెద్దభాగమునకును మూసియుండెనని మేమెఱుగుదుము. ఆ వాకిలి మరల కట్టుమని మేము చెప్పము. లోపలివారికి మాత్రమే దక్కిన ఆ విశ్రాంతి నేడు అందఱికిని దక్కవలెననుటయే మా కోరిక.

కావలసినది మహాసంస్కారమేమియు కాదు. సభల మార్కుల పట్టిక పోవలెను; కనీసము సముద్రము దాటినందులకు కట్టిన మార్కులు రేపే పోవలెను. నియామకసంఘముల వారు అభ్యర్థి వ్రాసినవానిలో మేలైన రెండింటిని అతనినే ఏరి యిమ్మని అడిగి, వానిని నిజముగా చదివి రావలెను. చదువు తీరిక లేనివారు ఆ సంఘములలో కూర్చుండనక్కఱలేదు. ఫెలోషిప్పు నెల మొదటివారమున రావలెను. మంత్రుల జీతములు ఎన్నడైనను ఆఱునెలలు ఆగినట్లు మేము వినలేదు. సంక్రాంతి వారమున సదస్సు పెట్టు కళాశాలకు ఏ సంస్థయు సొమ్ము మంజూరు చేయరాదు. ఇది చిన్న విషయమని నవ్వువారు, సంవత్సరములో ఒక్కమాఱు కొడుకో కూతురో వచ్చుననుకొని అరిసెలు వండి కూర్చుండు తల్లి నడుగవలెను.

పర్యవేక్షకులకు వేఱుగా ఒక మాట. ఆచార్యునికి ఎనిమిదిమందివఱకును, అసోసియేటు ఆచార్యునికి ఆఱుగురివఱకును, అసిస్టెంటు ఆచార్యునికి నలుగురివఱకును విద్యార్థులు ఉండవచ్చునని నిబంధన. ఎనిమిదిమందిని పుచ్చుకొన్న పెద్దలు ఎనిమిది కుటుంబములను పుచ్చుకొన్నట్లు భావింపవలెను. రాత్రి పదిగంటలకు వ్యాససారము పంపుమని ఆజ్ఞాపించుట గురుత్వము కాదు. మీ పేరుకూడ ఆ వ్యాసముపై నుండుననుట లోకమెఱుగని రహస్యమును కాదు.

విద్యార్థుల తప్పును మేము దాచము. సభకు పోవుటలో ఒక సుఖమున్నది. ఊరు మారును, నలుగురు కనబడుదురు, ప్రకరణము వ్రాయకుండుటకొక గౌరవమైన సాకు దొరకును. 2020 తరువాత ఇంటనుండియే తెరమీద సభలు జరుగ నారంభించినప్పటినుండి ఆ సాకునకు రైలు టిక్కెట్టు కూడ అక్కఱలేకపోయినది. ఒకే దినమున రెండు తెరలు తెఱచి రెండు సర్టిఫికెట్లు పొందినవారున్నారు. మూడవ ప్రకరణము మాత్రము ఏ తెరమీదను దానంతట అది వ్రాయబడదు. రాననుట నేర్చుకొనవలెను, మొదటిమాఱు కష్టము, రెండవమాఱు అంతకష్టము కాదు.

ఆ యువతితో మేమీ మాటయే చెప్పితిమి. ఆమె బదులు చెప్పక కొంతసేపు సంపుటమును చూచి, ఫోను తీసి, నిర్వాహకులకు నాలుగు పంక్తులు వ్రాసినది. పర్యవేక్షకునికి వ్రాయుటకు మాత్రము చాలసేపు పట్టినది. రెండుమార్లు వ్రాసి తుడిచినది. వారేమని బదులిచ్చిరో మాకు తెలియదు. వెలుతురుండగనే లేచి, మందులదుకాణము ఎటునున్నదని అడిగి తెలిసికొన్నది. పాపకా, మీకా అమ్మా యని అడిగితిమి. ఇద్దఱికినని చెప్పినది. ఆమె చూచుచుండిన పుటలో కాగితపుముక్క నొకటి ఉంచి, గ్రంథాలయాధికారి ఆ సంపుటమును బీరువాలో పెట్టక బల్లమీదనే ఒక ప్రక్కగా ఉంచినారు. ముక్కనుమ వెళ్లిన పిదప వచ్చునట.